దయామణి కలిపిన నెల

పుంగనూరు బస్టాండు వెనక వీధిలో మందుల అంగడి పైన ఒక గది ఉంది. ఆ గదికి మంగళవారం, శుక్రవారం రెండు రోజులే జనం వచ్చేవాళ్ళు. ఒక ట్రస్టు వాళ్ళు ఈ సంగతి జరగడానికి ముందు ఏడాది, అంటే రెండువేల అయిదులో, మిద్దె మీద పెద్ద డిష్షు బిగించి, గదిలో టీవీ పెట్టి, దాని నెత్తిన కెమెరా అమర్చారు. చెన్నైలో కూర్చున్న డాక్టరు ఇక్కడి రోగులతో ముఖాముఖి మాట్లాడతాడు. క్షయకు మాత్రలు ప్రభుత్వాసుపత్రిలోనే ఇస్తారు. అయితే మాత్రలిచ్చే కిటికీ ముందు నిలబడి మనసులో ఉన్నది అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అలా అడగలేక మిగిలిపోయిన ప్రశ్నలన్నీ మెట్లెక్కి ఈ గదికి వచ్చేవి.

డాక్టరు సెల్వరాజ్‌కు తెలుగు రాదు. దయామణి కుప్పంలో పుట్టి పెరిగింది కాబట్టి ఆమెకు అరవం తెలుగంత బాగా వచ్చు. పదిహేనేళ్ళు ఆయాగా వార్డుల్లో పనిచేసిన మనిషి. రెండు భాషలూ వచ్చి, రోగులను చూసి బెదరని మనిషి కావాలని వెతికి ట్రస్టు వాళ్ళు ఆమెను పెట్టుకున్నారు.

బెదరదు అనేది పూర్తిగా నిజం కాదు. ఆ సంగతి దయామణికి మాత్రమే తెలుసు.

ఆ మంగళవారం ఆమె తొమ్మిదికే వచ్చి గది ఊడ్చింది. స్టెబిలైజరు ముల్లు రెండువందల ఇరవై దాటేదాకా ఆగి టీవీ స్విచ్చి వేసింది. రోగి కూర్చునే కుర్చీని డెట్టాలు నీళ్ళతో తుడిచి, నేల మీద తాను గీసుకున్న సుద్ద గీతకు అవతల పెట్టింది. ఆ గీత పెట్టమని ట్రస్టు వాళ్ళు చెప్పలేదు, డాక్టరూ చెప్పలేదు. చివరగా చీరకొంగును ముక్కు మీదుగా చుట్టి చెవి వెనక దోపుకుంది. పదకొండుకు టీవీలో గళ్ళు గళ్ళుగా ఏదో కదిలి, కదిలి, సెల్వరాజ్ ముఖంగా కుదురుకుంది.

మూడో టోకెను అమరావతిది. ఇరవై అయిదేళ్ళుంటాయి. మదనపల్లె టమాటా మార్కెట్టులో కాయలు ఏరే పనికి పోయేది. జబ్బని తెలిసినప్పటినుంచి ఇంట్లోనే ఉంది. చేతిలో మడతలు పడిన ఆసుపత్రి చీటీ ఉంది. గీత చూసి, కుర్చీని ఇంకా జానెడు వెనక్కి జరుపుకుని కూర్చుంది.

"ఒంటిగా వచ్చినావా?" అని అడిగింది దయామణి.

"మా అత్త వచ్చిందక్కా. కింద ఉండాది. బిడ్డను ఎత్తుకోని ఉండాది గదా, పైకి రాదు."

దయామణి చీటీని కెమెరా ముందు పట్టింది. రెండు నెలలు మాత్రలు తప్పకుండా మింగింది. తెమడ పరీక్షలో క్రిములు లేవు. సెల్వరాజ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివి, ఏం అడగాలనుకుంటోందో అడగమన్నాడు.

అమరావతి టీవీ వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంటూ అడిగింది.

"నాకు ఎనిమిది నెలల బిడ్డ ఉండాది. జబ్బని తెలిసిన దినమే మా అత్త బిడ్డను తీసుకునింది. నన్ను కొట్టంలో పండుకోమనింది. బిడ్డను ఎప్పుడు ఎత్తుకోవచ్చో అడుగక్కా. అంతే. ఇంగేం అడగను."

దయామణి అరవంలో చెప్పింది. గాలికి మిద్దె మీద డిష్షు ఊగినట్టుంది. సెల్వరాజ్ నోరు కదిలిన కాసేపటికి గొంతు వచ్చింది.

"ఇంతకాలం దూరం పెట్టారా? అయ్యో. ఇప్పుడే ఎత్తుకోవచ్చు. ఈరోజే. పాలు కూడా ఇవ్వచ్చు, పాలతో ఈ జబ్బు రాదు. గిన్నెలు, గుడ్డలు వేరు పెట్టాల్సిన పని లేదు. ఆమె మాత్రలు ఆరు నెలలూ మింగాలి. బిడ్డకు ముందుజాగ్రత్త మాత్ర ఇస్తున్నారు కదా, అది ఆపకూడదు. బిడ్డకు జ్వరం వచ్చినా, బరువు తగ్గినా తీసుకురమ్మనండి."

దయామణి అమరావతి వైపు తిరిగింది. ఎనిమిది నెలల బిడ్డ. పొరపాటున ఆ పరీక్ష తప్పయితే? వార్డులో పనిచేసిన రోజుల్లో చూసిన చిన్న మంచాలు గుర్తొచ్చాయి. ఒక్క నెల ఆగితే పోయేదేముంది అనుకుంది.

"జబ్బు బాగా తగ్గిందంటాండాడు డాక్టరు," అంది. "మాత్రలు ఆరు నెలలూ మింగాల. బిడ్డ మాత్ర నిలపొద్దు. ఇంగ... బిడ్డను ఎత్తుకునేది ఒక నెల ఆగమంటాండాడు."

అమరావతి తల ఊపింది. ఏడవలేదు. "నెలేనా? సరేక్కా," అని లేచి, టీవీకి ఒక దండం, దయామణికి ఒక దండం పెట్టి మెట్లు దిగింది.

తరువాతి టోకెను పిలవబోతూ దయామణి కిటికీలోంచి కిందికి చూసింది. మందుల అంగడి అరుగు మీద ఒక ముసలామె బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉంది. అమరావతి నాలుగడుగుల దూరంలో ఆగి ఒక వేలు చూపించింది. ముసలామె బిడ్డను ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది. బిడ్డ ముఖం వీధి వైపు తిరిగిపోయింది. ఇద్దరూ ముందూ వెనకగా, మధ్యలో అంతే ఎడం ఉంచుకుని, మదనపల్లె రోడ్డు వైపు నడిచిపోయారు.

బుధవారం రోగులు రారు. దయామణి ముందురోజు అడిగిన ప్రశ్నలన్నీ ట్రస్టు ఆఫీసుకు పంపే కాగితాల్లో రాస్తూ కూర్చుంది. రోగి పేరు, ప్రశ్న, డాక్టరు జవాబు. అమరావతి పేరు దగ్గరికి వచ్చేసరికి జవాబు గడి దగ్గర పెన్ను ఆగింది. డాక్టరు చెప్పింది రాయాలా, తాను చెప్పింది రాయాలా? ఆ గడిని ఖాళీగా వదిలి కింది పేరుకు పోయింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. గడప అవతల అమరావతి నిలబడి ఉంది. ఎండలో నడిచి వచ్చినట్టు ముఖమంతా చెమట.

"ఈ పొద్దు డాక్టరు ఉండడమ్మా," అంది దయామణి, కొంగు ముక్కు మీదికి లాక్కుంటూ.

"తెలుసక్కా. నిన్న ఒకటి అడగడం మరిసిపోయినా. నువ్వయినా సెప్తావేమోనని." అమరావతి గడప దాటలేదు. గొంతు తగ్గించింది. "పాలు ఎండిపోకుండా దినానికి నాలుగుతూర్లు పిండి పారబోస్తాండా. రెండు నెల్ల నుంచి. మొదట్లో బాగా వస్తాండె. ఇప్పుడు తగ్గిపోతాండాయి. ఇంగో నెల పిండతా ఉంటే నిలుస్తాయా అక్కా?"

దయామణి పెన్నుకు మూత పెట్టింది.

"యాడ పారబోస్తావు?" అంది చివరికి. ఎందుకు అడిగిందో తనకే తెలియదు.

"కరేపాకు సెట్టు మొదట్లో. కాళ్ళ కింద పడగూడదంటారు గదా." కాస్త నవ్వింది అమరావతి. "సెట్టు మాత్రం బాగా సిగురేసింది. మా బిడ్డ ఇప్పుడు కూచుంటాదక్కా. మొన్న ఆదివారం మొదటిసారి కూచునింది. నేను కొట్టం కాడ నుంచి సూసినా. పడిపోతాదేమోనని మా అత్త ఎనక దిండు పెట్టింది."

"శుక్రవారం అడుగుదాం," అంది దయామణి. "శుక్రవారం రా."

అమరావతి మెట్లు దిగి వెళ్ళిపోయింది. దయామణి కాగితం తీసి ఖాళీ గడి వైపు చూసింది. నెల ఆగితే పోయేదేముంది అనుకుంది తాను. పోయేదేమిటో ఇప్పుడు తెలిసింది. పాలు పోతాయి. బిడ్డకు తల్లి ముఖం పోతుంది. ఎవరి భయానికి? డాక్టరుకు భయం లేదు. పరీక్ష చీటీలో భయపడాల్సింది ఏమీ లేదు. భయమంతా తనది. దానికి డాక్టరు పేరు పెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది.

ఖాళీ గడిలో డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాసింది. దాని కింద, 'నేను ఈ మాట ఆమెకు సరిగా చెప్పలేదు. దయామణి' అని రాసింది.

గురువారం పొద్దున దయామణి మదనపల్లె రోడ్డు పట్టుకుని నడిచింది. ఊరి చివర టమాటా క్రేట్లు పేర్చిన షెడ్డు దాటాక రెండో ఇల్లని అంగట్లో చెప్పారు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో ముసలామె కాళ్ళు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో రాగిజావ పోస్తోంది. బిడ్డ సగం మింగి సగం ఊస్తోంది. కొట్టం ముందు అమరావతి చీపురు పట్టుకుని నిలబడి, వచ్చింది ఎవరో చూసి దాన్ని కింద పడేసింది.

"ఎవురమ్మా నువ్వు?" అంది ముసలామె.

"టీవీ డాక్టరు కాడ పనిచేస్తాను పెద్దమ్మా. దయామణి."

"కూచో. నన్ను రంగనాయకమ్మంటారు." ఆమె బిడ్డ మూతి తుడిచింది. "ఏం, జబ్బు మళ్ళీ తిరగబెట్టిందంటనా?"

దయామణి కూర్చోలేదు. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక అవేవీ గుర్తుకు రాలేదు.

"మొన్న డాక్టరు నెల ఆగమని సెప్పలేదు," అంది. "ఆ పొద్దే బిడ్డను ఎత్తుకోవచ్చన్యాడు. పాలు కూడా ఇయ్యొచ్చన్యాడు. నెల మాట నేను కలిపినాను."

వేపచెట్టు మీద కాకి ఒకటి అరిచి ఎగిరిపోయింది. అమరావతి రెండడుగులు ముందుకు వచ్చి ఆగింది.

"అంటే మొన్ననే ఎత్తుకోవచ్చునా?"

"మొన్ననే."

"రెండు దినాలు పోయినాయి," అంది అమరావతి. కోపంగా అనలేదు. ఏదో చేతిలోంచి జారిపడితే చూసుకున్నట్టు అంది. దయామణికి ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది.

రంగనాయకమ్మ ఉగ్గుగిన్నె పక్కన పెట్టింది.

"యాల కలిపినావు?"

"భయమేసింది పెద్దమ్మా. పసిబిడ్డ గదా అని."

"మొన్న ఒక మాట, ఈ పొద్దు ఒక మాట. రేపు వచ్చి ఇంగో మాట సెప్పవని ఏం నమ్మకం? ఇంతవరకూ నువ్వు జనానికి సెప్పిన దాంట్లో నీ మాటలెన్ని, ఆ డాక్టరు మాటలెన్ని?"

దయామణికి మదనపల్లె నుంచి గదికి వచ్చిన టీకొట్టు మునిస్వామి గుర్తొచ్చాడు. కొట్టు తెరుచుకోవచ్చని డాక్టరు అంటే, పదిహేను రోజులాగి తెరవమని చెప్పింది తనే.

"ఇంగొకటి సూడు," రంగనాయకమ్మ వదల్లేదు. "బిడ్డను దానికి ఇయ్యమంటాండావు. నువ్వు మాత్రం ముక్కుకు గుడ్డ సుట్టుకోని, ఆమడ దూరంలో నిలబడి సెప్తాండావు. ఆ డాక్టరు అద్దంలో ఉండాడు, ఆయనకేం భయం? ఈడ ఉండేది మేము."

దయామణి చేయి ముఖం మీదికి పోయింది. ఆ ఇంటి వాకిట్లోకి అడుగు పెట్టేటప్పుడు కొంగు చుట్టుకున్నట్టు ఆమెకు గుర్తే లేదు. కొంగు విప్పింది. ముక్కుకు వేపపూత వాసన, జావ వాసన, కొట్టంలోని పేడ వాసన ఒక్కసారిగా తగిలాయి. అమరావతి దగ్గరికి నడిచి, కొట్టం ముందున్న నులకమంచం మీద కూర్చుంది. పక్కన చేత్తో తట్టి, "కూచో," అంది. అమరావతి అత్త వైపు చూసి, మంచం చివర ఒదిగి కూర్చుంది. దయామణే జరిగి దగ్గరయింది. ఇద్దరి భుజాలూ తగిలాయి. రెండు నెలలుగా అమరావతి పక్కన ఎవరూ కూర్చోలేదు.

రంగనాయకమ్మ చూసింది. మెత్తబడలేదు.

"నా పెద్దకొడుకు ఈ జబ్బుతోనే పోయినాడు," అంది నెమ్మదిగా. "ఆ పొద్దు అందరూ ఏం కాదు, ఏం కాదన్యారు. నేను దీని ఉసురు పోసుకోవాలని బిడ్డను తీసుకోలేదమ్మా. చిన్నోడు, దీని మొగుడు, కుప్పంలో రాళ్ళ పాలిష్ పనికి పోతా, బిడ్డను నా చేతిలో పెట్టి పోయినాడు. రేపు వాడికి నేను జవాబు సెప్పాల. నీ మాట మీద ఇయ్యను. రేపు నేనే పైకొస్తా."

శుక్రవారం దయామణి కుర్చీ తుడిచింది. తడిగుడ్డతో నేల మీది సుద్ద గీత కూడా తుడిచేసింది. ముఖానికి కొంగు చుట్టుకోలేదు. చేయి మాత్రం రెండుసార్లు కొంగు కోసం పోయింది. భయం ఒక్క రోజులో పోయేది కాదని ఆమెకు తెలుసు.

మొదటి టోకెనే వాళ్ళది. రంగనాయకమ్మ బిడ్డను చంకనేసుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. అమరావతి గోడకు ఆనుకుని నిలబడింది. బిడ్డకు టీవీ వెలుగు నచ్చినట్టుంది, అటే చేతులు చాపుతోంది. సెల్వరాజ్ తెర మీదికి వచ్చి బిడ్డను చూసి నవ్వాడు.

దయామణి మైకు దగ్గరికి లాక్కుంది. ముందు తన సంగతి చెప్పాలని రాత్రే నిశ్చయించుకుంది. అరవంలో చెప్పడం మొదలుపెట్టింది. మంగళవారం మీరన్నది ఇది, నేను చెప్పింది ఇది. మునిస్వామి విషయంలో కూడా ఇట్లాగే చేశాను. చెప్పడం అయ్యాక తెర వైపు చూడలేక, కిందికి వేలాడుతున్న వైరు వైపు చూసింది.

లింకు తెగిందేమోనని ఆమె తల ఎత్తింది. తెగలేదు. సెల్వరాజ్ ఆమెనే చూస్తున్నాడు.

"దయామణీ," అన్నాడు. "వాళ్ళకు నా గొంతు వినపడుతుంది గానీ నేను చెప్పేది తెలియదు. మీరు చెప్పేదే వాళ్ళకు డాక్టరు మాట. ఇంకా ఎవరెవరికి ఇట్లా చెప్పారు?"

"వీళ్ళకీ, మునిస్వామికీ. ఇద్దరికే."

"ఆయన దగ్గరికి మీరే వెళ్ళాలి. ఫోను చేస్తే చాలదు."

"రేపు పొద్దున మదనపల్లె పోతాను డాక్టర్. ట్రస్టు వాళ్ళకు కూడా కాగితం మీద రాసి పంపినాను. వాళ్ళు ఏం చేసినా సరే."

ఆయన తలాడించాడు. "సరే. ఇప్పుడు వీళ్ళతో చెప్పండి. నేను చెప్పింది చెప్పినట్టు."

దయామణి వాళ్ళ వైపు తిరిగి నోరు తెరిచింది. రంగనాయకమ్మ చేయి ఎత్తి ఆపింది.

"వద్దులే," అని, టీవీ వైపు తిరిగి, అరవంలో మొదలుపెట్టింది.

దయామణి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. పల్లెటూరి అరవం. క్రియలన్నీ విరిగిపోయి, మధ్యలో తెలుగు ముక్కలు దొర్లుతున్న అరవం. అయినా సూటిగా ఉంది.

"మా పుట్టిల్లు కుప్పానికి అవతల, అరవనాటి గట్టు పక్కన," అంది ఆమె దయామణితో, తల తిప్పకుండానే, తెలుగులో. "నలభై ఏండ్లయింది ఈ మాటలాడి. నువ్వు ఇప్పుడు ఆయనతో సెప్పుకునింది కూడా నాకు అర్థమయిందిలే."

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నలు ఆ గదిలో అంతవరకూ ఎవరూ అడగలేదు. జబ్బు తగ్గిందని చీటీ చెబుతోంది, ఆ చీటీ తప్పయితే? రెండు పరీక్షలు చేశారు, రెండూ ఒకే మాట చెప్పాయి అన్నాడు సెల్వరాజ్. నా పెద్దకొడుకు మాత్రలు మింగాడు, మరి ఎందుకు పోయాడు? ఎన్నాళ్ళు మింగాడని ఆయన అడిగాడు. దగ్గు తగ్గగానే మానేశాడు, నెలన్నరకు. అందుకే అమ్మా అన్నాడు ఆయన, ఈ అమ్మాయిని మాననివ్వకండి, ఆరు నెలలూ దగ్గరుండి మింగించండి, ఆ పని మీరు చేయగలరు. ఇంతకాలం పాలు పారబోసింది, ఆ పాలలో విషం లేదా? లేదు. ఎప్పుడూ లేదా? ఎప్పుడూ లేదమ్మా.

రంగనాయకమ్మ తల తిప్పి గోడ దగ్గరున్న కోడలిని చూసింది. తరువాత అడిగింది.

"నీ బిడ్డయితే ఇస్తావా?"

సెల్వరాజ్ కళ్ళద్దాలు తీశాడు. "నా బిడ్డయితే రెండు నెలల కిందటే ఇచ్చేవాణ్ణి. తల్లి నోటికి గుడ్డ కట్టి, కిటికీలు తెరిచిపెట్టి. కోడలు బతకాలి, బిడ్డ బతకాలి అని మీరు పడిన కష్టం నాకు కనిపిస్తోందమ్మా. ఇంక చాలు."

రంగనాయకమ్మ లేచింది. గోడ దగ్గరికి నడిచి, బిడ్డను అమరావతి చేతుల్లో పెట్టింది.

అమరావతికి బిడ్డను ఎట్లా పట్టుకోవాలో కాసేపు తెలియలేదు. రెండు నెలల్లో బరువు పెరిగింది. బిడ్డ ఆమె ముఖంలోకి చూసి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. అవ్వ వైపు వంగి చేతులు చాపింది. అమరావతి ముఖం పాలిపోయింది. "నన్ను మరిసిపోయిందత్తా," అని బిడ్డను వెనక్కి ఇవ్వబోయింది.

"యాడికి ఇస్తావు?" గద్దించింది రంగనాయకమ్మ. "కూచో ఆడ. నేల మీద కూచో. ఏడిస్తే ఏడవనీ. అది కాదు, తల కిందికి సెయ్యి పెట్టు. ముందు ఒక బొట్టు పెదాల మీద పడనీ. దానికి పాల రుచి గెవనం వస్తాది."

దయామణి కెమెరాను పట్టుకుని మెల్లగా గోడ వైపు తిప్పింది. తలుపు దగ్గరికి పోయి, రెండో టోకెను పట్టుకుని మెట్ల మీద కూర్చున్న మనిషిని కాసేపు ఆగమని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. వెనక బిడ్డ ఏడుపు హెచ్చింది, తగ్గింది, మళ్ళీ హెచ్చింది. రంగనాయకమ్మ గొంతు ఏదో పాటలా, తిట్టులా, ఆగకుండా సాగుతోంది.

ఏడుపు ఆగింది.

తెరలో సెల్వరాజ్‌కు గోడ, దాని మీద వంకరగా వేలాడుతున్న పోయిన ఏడాది క్యాలెండరు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన ముందుకు వంగాడు.

"దయామణీ? ఏమైంది అక్కడ? ఎవరూ కనపడటం లేదు. ఇంకా ఏమన్నా అడగాలన్నారా?"

దయామణి వెనక్కి తిరిగి చూసింది. తొందరపడకుండా, బాగా చూసింది. రంగనాయకమ్మ కోడలి వీపుకు తన మోకాలు ఆనిచ్చి నిలబడి ఉంది. అమరావతి తల వంచుకుని ఉంది. బిడ్డ చిన్న గుప్పిట తల్లి రవిక అంచును పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటోంది. గుటక వేసే చప్పుడు గదంతా వినిపిస్తోంది.

దయామణి మైకు దగ్గరికి వంగి, చూసింది చూసినట్టు అరవంలో చెప్పింది.

"ఏమీ అడగడం లేదు డాక్టర్. బిడ్డ పాలు తాగుతాండాది."

ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. రెండో టోకెనును పిలవమని చెప్పలేదు. ఆ గోడనే చూస్తూ కూర్చున్నాడు.